నలభై ఒకటో నంబరు చొక్కా

బ్రోషర్ల కట్ట సోమవారం పొద్దున్నే వచ్చి నాటకశాల గుమ్మం దగ్గర పడి ఉంది. దాన్ని ఎవరూ విప్పలేదు. దుస్తుల డిజైనర్ సంచిలోంచి చిన్న కత్తెర తీసి, తాడు తెంపి, పైనున్న ప్రతిని అందుకుని నిలబడే చదవడం మొదలుపెట్టింది.

ఆరో పేజీలో దర్శకుడి ఫొటో. గడ్డం కింద చెయ్యి, మెడలో మఫ్లరు. ఎండ మండిపోతున్నా ఆ మఫ్లరు ఆయన మెడ దిగదు. ఫొటో కింద పెద్దక్షరాల్లో, ‘ఒక చొక్కా చెప్పిన చరిత్ర: దర్శకుడి పరిశోధన’.

మొదటి వాక్యం ఇది. “మిల్లు యజమాని ఆడవాళ్ళకి జేబుల్లేని చొక్కాలు కుట్టించాడు, ఆడవాళ్ళు వాటికి తమ జేబులు తామే కుట్టుకున్నారు.”

ఆ వాక్యాన్ని ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చుని పదకొండుసార్లు కొట్టేసి రాసుకుంది. రెండో వాక్యమూ ఆమెదే. మూడోదీ, పేజీ చివరిదాకా అన్నీ ఆమెవే. నాలుగు నెలలు మ్యూజియంలో కూర్చుని, వందేళ్ళ నాటి మస్టరు పుస్తకాలు తిరగేసి, మిగిలిన ఒకే ఒక్క చొక్కాని అంగుళం అంగుళం కొలిచి ఆమె ఇచ్చిన నివేదికకి ఆయన చేసిన మార్పు ఒక్కటే. ఆమె ‘బహుశా’ అన్నచోటల్లా ఆయన ‘నిస్సందేహంగా’ అని పెట్టాడు.

ఆమె పేరు ఆఖరి పేజీలో ఉంది. లైట్లు అద్దెకిచ్చిన వాళ్ళకీ కుర్చీలు సర్దిన వాళ్ళకీ మధ్య, ‘దుస్తులు’ అన్న మాట పక్కన, కళ్ళజోడు సర్దుకుంటే తప్ప కనబడనంత చిన్న అక్షరాల్లో.

నాటకశాలలో అందరూ చాటుగా దర్శకుణ్ణి ‘ఉపన్యాసం’ అంటారు. “ఉపన్యాసం వచ్చాడా?” “వచ్చాడు, మేకప్ గదిలో ఎవరికో తగులుకున్నాడు.” ఆ పేరు పెట్టింది డిజైనరే. పెట్టిన రోజున ఆమెకి మంచి పద్యం రాసినంత తృప్తి కలిగింది.

ఆమె బ్రోషరు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళింది.

“రండి, రండి. చూశారా, ఎంత బాగా వచ్చిందో!” అన్నాడాయన, మఫ్లరు కొస భుజం మీదికి వేసుకుంటూ.

“ఆరో పేజీ నాది.”

“మనది అనండి.”

“మనదైతే ఫొటో మీ ఒక్కరిదే పడిందేం?”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. అది ఆయన అలవాటు. పెద్ద మాట అనబోయే ముందు కళ్ళు మూసి, మూడు లెక్కపెట్టినంతసేపు ఆగి, తెరుస్తాడు. ఎదుటివాళ్ళు దాన్ని ఆలోచన అనుకుంటారు. నాలుగు నాటకాలు ఆయనతో పనిచేసిన డిజైనర్‌కి మాత్రం అది దుకాణం తలుపు తీసేటప్పుడు వచ్చే కిర్రుమనే చప్పుడు లాంటిది.

“చూడండి,” అన్నాడు కళ్ళు తెరిచి. “బట్టలావిడ రాసిందంటే జనం బట్టల గురించి అనుకుంటారు. అదే దర్శకుడు రాశాడంటే చరిత్ర అనుకుంటారు. మీ కష్టం పదిమందికీ చేరాలనే కదా నేను నా పేరు ఇచ్చింది.”

ఇచ్చాడట! ఆమెకి నవ్వొచ్చింది. దొంగ ఇంట్లోకి దూరి, మీ సామాను బరువు తగ్గించాను అని దణ్ణం పెట్టించుకున్నట్టుంది.

“గురువారం సాయంత్రం నా ప్రసంగం ఉంది,” అన్నాడు ఆయన అదే గొంతుతో. “మ్యూజియం వాళ్ళు, కాలేజీ వాళ్ళు, ఊళ్ళో పెద్దలు అందరూ వస్తున్నారు. ఆ చొక్కాకి నకలు ఒకటి కుట్టించి తెండి, పట్టుకుని చూపిస్తాను. మీకు ముందు వరుసలో కుర్చీ వేయిస్తాను లెండి.”

ఆ ‘లెండి’ దగ్గర ఆమెకి ఒళ్ళు మండింది. కానీ ఆమె అరిచే మనిషి కాదు. అరుపు సమానస్తుల మీదే ఖర్చు పెట్టాలని ఆమె సిద్ధాంతం. “అలాగే,” అని బయటికి వచ్చేసింది.

ఇంటి దగ్గర భర్త బల్ల మీద బఠాణీలు ఒలుస్తున్నాడు. ఆయన అచ్చు తప్పులు దిద్దే ఉద్యోగం చేసి మానేసిన మనిషి. చేతికేది దొరికినా తప్పుల కోసమే చదువుతాడు. బ్రోషరు అందుకుని ఆరో పేజీ మొత్తం చదివి, “పేరు మార్చాడు గానీ కామాలన్నీ నీవే,” అన్నాడు.

“అంతేనా నువ్వనేది?”

“నాటకశాల కమిటీకి ఉత్తరం రాయి.”

“ఆ కమిటీలో ఉన్నవాళ్ళకి ఉపన్యాసం దేవుడు. రాస్తే నన్ను చూసి జాలిపడతారు. వాళ్ళ జాలి నాకెందుకు?” ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని తనూ ఒక కాయ ఒలిచింది. “ఆ మొహం చూడు ఫొటోలో. గడ్డం కింద చెయ్యి పెట్టకపోతే తల ఊడి పడిపోతుందేమో. కచ్చా కుట్టుకీ పక్కా కుట్టుకీ తేడా తెలీదు. జేబు ఎక్కడుందో చూపిస్తే ‘ఓహో’ అన్నాడు. ఆ ఓహో ఇవాళ పరిశోధన అయి కూర్చుంది.”

భర్త ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. “నీది కోపం కాదే. అదో ముచ్చట. రోజుకో గంట ఆయన్ని ఆడిపోసుకోకపోతే నీకు అన్నం సహించదు.”

ఆమె తొక్కలన్నీ పోగుచేసి లేచిపోయింది.

మంగళవారం, మిల్లు సమ్మె మీద రాసిన ఆ నాటకం మూడో అంకం రిహార్సల్. ఈ అంకమంతా ఆమె నివేదికలోంచే పుట్టింది. రచయిత రాసిన మొదటి ప్రతిలో మిల్లు కార్మికురాలు ఊరికే గేటు దగ్గర నిలబడి నినాదాలు ఇచ్చేది. మ్యూజియంలో ఉన్న చొక్కా మీద నలభై ఒకటి అని నంబరుంది. మస్టరు పుస్తకంలో నలభై ఒకటి ఎదురుగా, సమ్మెకి సరిగ్గా రెండు వారాల ముందు తేదీ వేసి, ‘దాచినందుకు తొలగింపు’ అని ఉంది. చొక్కా లోపల, రొమ్ముల దగ్గర, బయటికి కనబడని రెండు జేబులున్నాయి. ఈ మూడూ పక్కపక్కన పెట్టి డిజైనరే తేల్చింది, ఆ మనిషి సమ్మె కరపత్రాలు దాచి లోపలికి చేరవేసిందని. దాంతో అంకం మారిపోయింది. గేటు దగ్గర తనిఖీ, కాపలావాడి చేతులు, చివర్న ఆమె చొక్కాలోంచి కాగితాలు తీసి గాల్లోకి విసరడం.

నటి బాగానే విసిరింది. కాగితాలు లైట్ల వెలుగులో చక్కగా తిరుగుతూ పడ్డాయి. డిజైనర్ చీకట్లో కూర్చుని పెదవి విరిచింది. ఈ పిల్లకి చొక్కా వేసుకోవడం తప్ప ధరించడం రాదు. పది గంటలు మగ్గం దగ్గర నిలబడ్డ మనిషి అద్దం ముందునుంచి ఇప్పుడే లేచి వచ్చినట్టు నడుస్తోంది.

“సార్,” అంది నటి ఆగి. “జేబులు రెండున్నాయి కదా. దేంట్లోంచి తియ్యను?”

ఉపన్యాసం కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. “రెండింట్లోంచీ. ఒకటి వర్తమానం, ఒకటి భవిష్యత్తు.”

డిజైనర్ ఈ మాటని ఇంటికి తీసుకెళ్ళడానికి జాగ్రత్తగా మనసులో మడతపెట్టుకుంది.

కుట్టుగది నాటకశాల వెనక భాగంలో ఉంటుంది. పొడుగాటి బల్ల, మూడు మిషన్లు, కిటికీ పక్కన ఇస్త్రీ పెట్టె. అక్కడ పెత్తనం కత్తెరమ్మది. అరవై దగ్గర పడ్డ మనిషి. కళ్ళజోడుకి దారం కట్టి మెళ్ళో వేసుకుంటుంది. గుడ్డ మీద సుద్దతో ఒక్క గీత గీసిందంటే రెండో గీత అక్కర్లేదు. డిజైనర్ వేసే బొమ్మలు మనిషి ఒంటి మీదికి ఎక్కే చొక్కాలు అయ్యేది ఆవిడ చేతుల్లోనే.

బుధవారం పొద్దున డిజైనర్ వెళ్ళేసరికి నకలు చొక్కా బల్ల మీద పరిచి ఉంది. బృందంలోని పద్నాలుగు మందికీ చొక్కాలు, వాటి దొంగజేబులు ఎప్పుడో అయిపోయాయి. కానీ అవి స్టేజీకోసం మిషన్ మీద కుట్టినవి. ఇది అచ్చంగా మ్యూజియంలో ఉన్నదానిలా ఉండాలని, డిజైనర్ గీసుకొచ్చిన కాగితాలన్నీ కత్తెరమ్మ మొదటిసారి ముందేసుకుంది. చొక్కా పూర్తయింది. జేబులు మాత్రం విడిగా పక్కన పెట్టి ఉన్నాయి.

“ఇంకా కుట్టలేదేం? రేపే కావాలి.”

“కుడతానమ్మా. ఒక్క మాట అడుగుదామని ఆగాను.” కత్తెరమ్మ కళ్ళజోడు పెట్టుకుని కాగితం మీద వేలు పెట్టింది. “ఇవి కాగితాలు పెట్టుకునే జేబులేనంటారా?”

“కాక?”

“కాగితాలకైతే ఒకటి చాలదూ? అదీ పలకలా ఉండాలి. వీపు మీదో నడుం దగ్గరో పెట్టుకుంటే ఎవరికీ తెలీదు. ఇవి రెండు, గుండ్రంగా, సరిగ్గా రొమ్ము మీదికి. పైగా మూడు పొరలని రాశారు మీరు. నీరుకావి గుడ్డ, ఉతికి ఉతికి మెత్తబడ్డది అనీ రాశారు. కాగితాలకి మెత్తటి గుడ్డ ఎందుకమ్మా? గుచ్చుకుంటాయనా?”

డిజైనర్ కాగితాన్ని తనవైపు తిప్పుకుంది.

“చొక్కా అంతా పక్కా కుట్టు. వీటికి మాత్రం కచ్చా కుట్టు. అంటే సాయంత్రం ఊడదీసి, ఉతుక్కుని, పొద్దున మళ్ళీ కుట్టుకునేదన్నమాట.” కత్తెరమ్మ గొంతు తగ్గించింది. “ఇవి జేబులు కావమ్మా. పాలగుడ్డలు. ఇంట్లో చంటిపిల్లని వదిలి వచ్చేది ఆవిడ. పాలు పొంగి చొక్కా తడవకుండా పెట్టుకుంది.”

మిషన్ల దగ్గరున్న ఇద్దరు ఆడవాళ్ళూ తల ఎత్తారు. వాళ్ళు తల ఎత్తడమే డిజైనర్‌కి ముల్లులా గుచ్చుకుంది.

“నాలుగు నెలలు చూశాను నేను దాన్ని,” అంది. “నువ్వు గుడ్డ కోత సంగతి చూసుకో. చరిత్ర సంగతి నేను చూసుకుంటాను.”

కత్తెరమ్మ కళ్ళజోడు తీసేసింది. అది దారం మీద వేలాడి గుండెల మీద ఆగింది. “సరేనమ్మా,” అని సూదిలోకి దారం ఎక్కించుకుంది.

మధ్యాహ్నానికల్లా డిజైనర్ మ్యూజియంలో ఉంది. కాదని రుజువు చేసుకోవడానికే వచ్చానని దారి పొడుగునా తనకి తాను చెప్పుకుంది. తెల్ల చేతితొడుగులు వేసుకుంది. అక్కడి ఉద్యోగిని అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, పలచటి కాగితం మడతలు విప్పింది.

చొక్కా ఎప్పటిలాగే ఉంది. ఈసారి ఆమె కొలవలేదు. ముందుభాగం మెల్లిగా తెరిచి, లోపలి గుండ్రటి గుడ్డని కిటికీ వెలుతురుకి వాల్చింది. మధ్యలో లేత పసుపు మచ్చ, చుట్టూ ఒక వలయం, దాని చుట్టూ ఇంకోటి. తడిసి ఆరి, మళ్ళీ తడిసి ఆరిన గుడ్డ మీద పడే వలయాలు. తన నోటు పుస్తకంలో ఆమె ఆ మచ్చ గురించి రాసుకున్న మాట చూసింది. ‘చెమట మరక’. అంగుళానికి తొమ్మిది కుట్లని లెక్కపెట్టిన మనిషి, చెమట అక్కడ అంత గుండ్రంగా పట్టదన్న సంగతి చూడలేదు.

ఆమె రెండో గుడ్డ కూడా వెలుతురుకి వాల్చింది. అవే వలయాలు.

కూతురు పుట్టిన మూడో నెలలో, నిచ్చెనెక్కి తెర కొలతలు తీసుకుంటూ, రవికలో మడిచి పెట్టుకున్న చేతిరుమాళ్ళు ఆమెకి అప్పుడు గుర్తొచ్చాయి. ఇరవై ఏడేళ్ళుగా ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

దాచినందుకు తొలగింపు. బిడ్డ ఉన్న సంగతి దాచింది. పాలిచ్చే తల్లుల్ని ఆ మిల్లు పనిలో ఉంచుకునేది కాదని ఆమె నివేదికలోనే ఉంది, పదిహేడో పేజీ అడుగున, చిన్న వివరంగా. ఒకరోజు గుడ్డలు చాల్లేదో, కుట్టు ఊడిందో, గేటు దగ్గర చొక్కా తడిసి కనబడి ఉంటుంది.

డిజైనర్ చేతితొడుగులు తీసేసింది. సిగ్గేసింది. ఆ సిగ్గు మెట్లు దిగేదాకా ఉంది. బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ఇంకో ఆలోచన వచ్చింది, ఆ ఆలోచనతోపాటు పెదాల మీదికి నవ్వూ వచ్చింది.

ఆ వ్యాసం నాది కాదు కదా. దర్శకుడి పరిశోధన. నిస్సందేహంగా!

గురువారం పొద్దున కుట్టుగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. మిషన్లవాళ్ళు ఇంకా రాలేదు.

“నువ్వన్నదే నిజం,” అంది. “పాలగుడ్డలే.”

కత్తెరమ్మ ఏమీ గర్వపడలేదు. “పాపం,” అంది చొక్కా వైపు చూసి. “మరి ఆ పిల్లకి చెప్పాలి కదా. కాగితాలు విసరడం అదీ మానెయ్యాలి.”

“చెబుదాం. రేపు చెబుదాం. ఇవాళ మాత్రం ఎవరికీ చెప్పకు.”

“ఇవాళ ఏముందమ్మా?”

“ఆయన ప్రసంగం.” డిజైనర్ సంచిలోంచి ఒక చీటీ తీసి చూపించింది. సభలో అడగడానికి రాసుకున్న ప్రశ్న అది. ‘జేబులు రెండెందుకు? గుండ్రంగా ఎందుకు?’ “ఊళ్ళో చదువుకున్నవాళ్ళంతా ఉంటారు. తనదని లాక్కున్నది ఆయన చేతిలోనే పేలాలి. అప్పుడు చూడు ఆ కళ్ళు ఎన్నిసార్లు మూసుకుంటాడో.”

కత్తెరమ్మ చీటీ చదవలేదు. సూదులు గుచ్చిన దిండుని బల్ల మీద అటు నుంచి ఇటు జరిపింది.

“ఆవిడేం చేసిందమ్మా మీకు?”

“ఎవరావిడ?”

“నలభై ఒకటి. అంతమంది ముందు ఆయన ఆవిడ పాలగుడ్డలు పట్టుకుని ఊపుతుంటే, మీరు ముందు వరుసలో కూర్చుని నవ్వుకుంటారన్నమాట.”

“నీకు అర్థం కాదులే,” అంది డిజైనర్. ఆ మాట తన నోట్లోంచి వచ్చిన తీరు ఎక్కడో విన్నట్టుంది. ఆలోచించే ఓపిక లేక బయటికి వచ్చేసింది.

అయిదింటికి హాలు నిండింది. మ్యూజియం అధికారులు, కాలేజీ అధ్యాపకులు, కమిటీ సభ్యులు, నాటకాల మోజున్న మామూలు జనం. తెర మీద చొక్కా లోపలి భాగం ఫొటో, మనిషెత్తు. ఉపన్యాసం మఫ్లరు సర్దుకుని వేదిక ఎక్కాడు. కత్తెరమ్మ చొక్కా నకలు హ్యాంగరుకి తగిలించి, వెనక తలుపు దగ్గర గోడకానుకుని నిలబడింది. పిలిచినప్పుడు తెచ్చివ్వాలి.

ఆయన బాగా మాట్లాడాడు. అది ఒప్పుకోవాలి. ఆమె వాక్యాలు ఆయన గొంతులో ఇంకా బాగున్నాయి. “వందేళ్ళుగా ఒక పెట్టెలో మౌనంగా పడున్న ఈ చొక్కా నాతో మాట్లాడింది,” అన్నాడు. చప్పట్లు. “ఈ రెండు జేబుల్లో ఒక ఉద్యమం నిద్రపోయింది.” మళ్ళీ చప్పట్లు. డిజైనర్ ఒళ్ళో సంచి పట్టుకుని, అందులోని చీటీని వేళ్ళతో తడుముకుంటూ కూర్చుంది. ఆ చప్పట్లు కొట్టేవాళ్ళందరి మీదా ఆమెకి సమానంగా అసహ్యం వేసింది. పండిన కాయ దానంతటదే రాలే క్షణం కోసం ఆగింది.

“ప్రశ్నలేమైనా ఉంటే...” అన్నాడు ఆయన.

డిజైనర్ చెయ్యి ఎత్తేలోపు మూడో వరుసలో ఒక పెద్దావిడ లేచింది. ప్రసూతి ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యానని చెప్పుకుంది. మైకు అక్కర్లేని గొంతు.

“నాకు చరిత్ర తెలీదు బాబూ. ఆ ఫొటో చూస్తుంటే అడగాలనిపించింది. అవి జేబులేనా? రెండువైపులా గుండ్రంగా, ఆ మరకలూ అవీ చూస్తే బాలింత పెట్టుకునే పాలగుడ్డల్లా ఉన్నాయి. నేను వేల మందికి చూశాను.”

హాల్లో అక్కడక్కడ నవ్వు. తర్వాత ఆడవాళ్ళంతా మెడలు చాచి తెరకేసి చూశారు. నవ్వు ఆగిపోయింది. ఎవరో “అవును సుమీ,” అన్నారు.

ఉపన్యాసం కళ్ళు మూసుకున్నాడు. ఈసారి మూడు కాదు, అయిదారు లెక్కపెట్టేంతసేపు. తెరిచేసరికి మొహంలో ఒక కొత్త వినయం ఉంది.

“చాలా మంచి ప్రశ్న. నిజం చెప్పాలంటే ఈ పరిశోధన మొత్తం మా డిజైనర్ గారిది. అక్షరం అక్షరం ఆవిడదే. నేను ఆవిణ్ణి నమ్మాను, అంతే. ఇదిగో, ముందు వరుసలోనే ఉన్నారు.” ఆమె పేరు ఇంటిపేరుతో సహా స్పష్టంగా చెప్పి, చెయ్యి చాపి చూపించాడు.

ఆరో పేజీలో పట్టని పేరు హాలు నిండా పట్టింది. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఆమె లేచి నిలబడింది. వ్యాసం మీద సంతకం ఎవరిదో చదవండి అని ఒక్క మాట అంటే చాలు. నేను ‘బహుశా’ అని రాశాను అన్నా చాలు. రెండు మాటలూ నాలిక మీదే ఉన్నాయి. వెనక్కి తిరిగింది. తలుపు దగ్గర కత్తెరమ్మ గోడని వదిలి, రెండడుగులు ముందుకు వచ్చి నిలబడి ఉంది. చొక్కా ఆవిడ మోచేతి మీద ఉంది. రెప్పవేయకుండా ఆమెనే చూస్తోంది.

“వ్యాసం నాదే,” అంది డిజైనర్. “తప్పూ నాదే. జేబులు కావాలనుకున్నాను గనక జేబులే కనబడ్డాయి. అవి పాలగుడ్డలని నాకు నిన్న తెలిసింది. తెలిసీ చెప్పలేదు.” వెనక్కి చెయ్యి చాపింది. “తేల్చింది నేను కాదు. మా కుట్టుగదిలో కోత చేసే ఆవిడ. అదుగో, అక్కడున్నారు. ఆవిణ్ణి అడగండి.”

కత్తెరమ్మ వేదిక ఎక్కలేదు. వరుసల మధ్య దారిలో నడిచొచ్చి నర్సు కుర్చీ పక్కన ఆగి, చొక్కాని ఆవిడ ఒళ్ళో పరిచింది. కుట్టు చూపించింది, పొరలు విప్పింది. మాట్లాడింది నాలుగు ముక్కలే. రోజూ ఊడదీసి ఉతికే కుట్టు ఇది అంది. దాచింది కాగితాలు కాదు, బిడ్డని అంది.

“ఎన్ని గంటలు పని?” అని అడిగింది నర్సు.

“పది గంటలని రాసుందట.”

“పది గంటలా? కనీసం మూడుసార్లు తడుస్తాయి. మార్చుకోవడానికి సందు కూడా ఇచ్చుండరు.” నర్సు ఆ గుండ్రటి గుడ్డని అరచేత్తో అదిమి చూసింది. “మూడు పొరలేం సరిపోతాయి!”



శుక్రవారం రిహార్సల్‌కి ఉపన్యాసం అందరికంటే ముందే వచ్చాడు. నటీనటుల్ని చుట్టూ కూర్చోబెట్టుకున్నాడు. “ఆ ప్రశ్న రావాలనే నేను ఫొటో అంత పెద్దది చేయించాను. సత్యం సభలోంచే పుట్టాలి. ఇప్పుడు మూడో అంకం మార్చేస్తున్నాం. కాగితాల్లేవు. గేటు దగ్గర ఆవిడ నిలబడుతుంది, చొక్కా తడుస్తుంది, అంతే. నాకు పొద్దున్నే తట్టింది.” నటి మాత్రం ఆయన మాట పూర్తికాకుండానే లేచి, తడవకుండా చూసుకునే మనిషి చేతులు ఎక్కడ పెట్టుకుంటుందో అడగడానికి కుట్టుగదికేసి పరిగెత్తింది.

డిజైనర్ తలుపు వారగా నిలబడి ఇదంతా విన్నది. అలవాటు కొద్దీ ఒక మంచి మాట నోట్లో తయారైంది. ఇంటికి తీసుకెళ్ళాల్సినంత మంచి మాట. దాన్ని మింగేసి కుట్టుగదిలోకి వెళ్ళింది. ఆమె చూస్తుండగానే నటి రెండు చేతులూ గుండెలకి అడ్డం పెట్టుకుని, భుజాలు కొంచెం ముందుకు వంచి, గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి చూపించి వెళ్ళిపోయింది. మొదటిసారి ఆ చొక్కా ఆమె ఒంటిమీద పనిచేసే మనిషి చొక్కాలా ఉంది.

బల్ల మీద పదమూడు చొక్కాలు గుట్టగా పడున్నాయి. దొంగజేబులు ఇప్పుడు ఒక్క నలభై ఒకటికే ఉండాలి. మిగిలిన వాటివి, మొత్తం ఇరవైయారు, విప్పేయాలి. కత్తెరమ్మ కిటికీ దగ్గర కూర్చుని విప్పుతోంది. డిజైనర్ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“బ్రోషరు మళ్ళీ అచ్చు వేయిస్తున్నారు,” అంది. “వ్యాసం తిరగరాస్తున్నాను. మీరు నిన్న చెప్పినవన్నీ మీ పేరుతోనే వస్తాయి.”

“మంచిది,” అంది కత్తెరమ్మ, తలెత్తకుండా.

ఆ ఒక్క మాటతో ఆగిపోయిందేమిటా అనిపించింది డిజైనర్‌కి. నిన్న అంతమందిలో లేచి తప్పు ఒప్పుకున్నాక, రాత్రి భర్త కూడా ఏదో ఎగతాళి చేయబోయి మానేశాక, ఇంకొంచెం ఏదైనా వస్తుందని ఆశపడింది.

“నిన్న మీరు అలా ముందుకు వచ్చి నిలబడకపోతే నాకు ధైర్యం వచ్చేది కాదు,” అంది.

కత్తెరమ్మ దారం తెంపింది. “మీకు ధైర్యం చెబుదామని రాలేదమ్మా. మీరు నోరు విప్పరనే అనుకున్నాను. నేనే అడుగుదామని వచ్చాను. ఈలోగా నర్సమ్మ లేచింది.”

“ఆయన్ని అడిగేవారా? అంతమందిలో?”

“ఆయన్నెందుకు? ఆయన తెలీక మాట్లాడుతున్నాడు.” కత్తెరమ్మ విప్పిన చొక్కా దులిపి మడతపెట్టింది. “తెలిసి కూర్చుంది మీరు. మిమ్మల్నే లేవమని అడిగేదాన్ని.”

బయట స్టేజీ మీద ఉపన్యాసం గొంతు లేస్తోంది, దిగుతోంది. డిజైనర్ గుట్టలోంచి ఒక చొక్కా తీసి ఒళ్ళో వేసుకుంది. చిన్న కత్తెర మొనని కుట్టు కిందికి దూర్చింది. ఏదో అనాలని తలెత్తింది. కత్తెరమ్మ మొహంకేసి చూస్తూనే దారం లాగింది.

“గుడ్డకేసి చూసి విప్పండి,” అంది కత్తెరమ్మ. “చినుగుతుంది.”

ఆమె తల దించి, రెండో కుట్టు వెతుక్కుంది.